మీ ఓటు ఎటు పడిందో మాకు చెప్పండి: మా ఎంపీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎంపీ గారికి నమస్కారం.

ఢిల్లీలో మీరు ఏ బిల్లుకు ఎటు ఓటేశారో తెలుసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

2014 ఫిబ్రవరి 18 మీకు గుర్తుండే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభ మూజువాణి ఓటుతో, అంటే పేర్లు రాసుకోకుండా అవును, కాదు అనే కేకలు విని, ఆమోదించింది. టీవీలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. తెలంగాణ కోసం పోరాడినవాళ్లకూ, విభజన వద్దన్నవాళ్లకూ ఆ తుది ఓటులో తమ ఎంపీ ఎటు నిలిచాడో రికార్డులో పేరుతో దొరకదు. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నా పెద్దల ముందు కాగితం రాసుకునే ఊళ్లు మనవి. రాష్ట్రాన్ని పంచినప్పుడు ఆపాటి లెక్కయినా రాయలేదే అని నాకు ఇప్పటికీ బాధ.

2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో సాగు బిల్లులకూ అంతే. ప్రతిపక్షం డివిజన్ (ఎవరు ఎటో ఓట్లు లెక్కపెట్టి నమోదు చేయడం) అడిగినా మూజువాణితోనే కానిచ్చారు. మరుసటి ఏడాది నవంబర్ 29న చర్చ లేకుండానే ఆ చట్టాలను రద్దు చేశారు.

రాజ్యాంగ సవరణకు మాత్రం ఓట్లు లెక్కపెట్టక తప్పదు. అందుకే 2023లో లోక్‌సభలో మహిళా రిజర్వేషన్ బిల్లుకు 454 మంది అనుకూలమనీ, ఇద్దరు వ్యతిరేకమనీ మనకు తెలుసు.

విప్‌ను, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరిస్తే రాజ్యాంగంలోని పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక నిబంధనలు) కింద సభ్యత్వం పోవచ్చు. ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ డివిజన్ అడిగే హక్కు మీకుంది, అడగండి. ప్రతి సమావేశాలయ్యాక ఏ బిల్లుకు ఎటు, ఎందుకు అని ఒక కాగితం మీద రాయించి మండల పరిషత్ కార్యాలయాల్లో అంటించండి. వచ్చే సమావేశాల నుంచే మొదలుపెట్టండి.

ఇట్లు,
మీ నియోజకవర్గ ఓటరు