నోటి మీద వేలుతో నర్సరీ నడవదు

సంపాదకులకు నమస్కారం.

జూన్‌లో బడులు తెరిచింది మొదలు మూడు, నాలుగేళ్ల పిల్లల మీద ఒకే తరహా ఫిర్యాదులు వినిపిస్తాయి. ఒక్కచోట కూర్చోడు, పక్కవాళ్లను కొరుకుతుంది, చెప్పిన మాట చెవిన పెట్టడు. అంగన్‌వాడీ కేంద్రమైనా, వేలకు వేలు ఫీజు తీసుకునే ప్రైవేటు నర్సరీ అయినా వీటికి వాడే మందు ఒకటే. నోటి మీద వేలు, చేతులు కట్టుకో, అప్పటికీ లొంగకపోతే స్కేలు. ఈ వయసు పిల్లల టీచర్లకు శిక్షణనిచ్చే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ విషయంలో కొన్ని సంగతులు వివరంగా రాస్తున్నాం. మనం అల్లరి అని పేరు పెట్టేవాటిలో చాలా భాగానికి కారణం గది అమరికలో, రోజు నడిచే తీరులో, పెద్దలు మాట్లాడే పద్ధతిలో దొరుకుతుంది. వాటిని మార్చుకోవడానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద కారణం ఊరికే ఎదురుచూడటం. ఒక లెక్క చూడండి. 25 మంది పిల్లలు, ఒకే కుళాయి, చేతులు కడగడానికి ఒక్కొక్కరికి 40 సెకన్లు. చివరి పిల్లవాడి వంతు వచ్చేసరికి 16 నిమిషాలు అవుతుంది. భోజనానికి ముందు, అసలే ఆకలి మీద, చేతిలో ఏ పనీ లేకుండా నాలుగేళ్ల వాడు అంతసేపు వరుసలో నిలబడాలి. తోపులాట అక్కడే పుడుతుంది, వెనకాల ఉన్నవాడికి దెబ్బ పడుతుంది. ఐదుగురిని మాత్రమే కుళాయి దగ్గరికి పంపి, మిగతావాళ్లను చాప మీదే ఉంచి ఆయమ్మ పాట పాడిస్తే ఈ గొడవ ఉండదు. ఇంకోచోట బకెట్టు, మగ్గు, సబ్బు పెడితే పట్టే సమయం సగానికి తగ్గుతుంది. అందరినీ ఒకేసారి మూత్రానికి తీసుకెళ్లే అలవాటూ ఇలాంటిదే. అడిగినప్పుడు పంపిస్తే ఆ వరుసే అవసరం లేదు. గుడ్లు వలవడం, ప్లేట్లు సర్దడం పిల్లలు వచ్చి కూర్చోకముందే అయిపోవాలి. అన్నం ముందు పెట్టి 'అందరికీ వడ్డించేదాకా ముట్టుకోవద్దు' అంటే కోరి గొడవ తెచ్చుకున్నట్టే.

ఇక కూర్చోబెట్టడం. గుండ్రంగా కూర్చోబెట్టి కథో పాటో చెబితే మూడేళ్ల పిల్లలు పది నిమిషాలు ఉంటారు, ఐదేళ్ల వాళ్లు 15 నుంచి 20 నిమిషాలు. అదీ మధ్యలో చప్పట్లు కొట్టడం, లేచి గెంతడం లాంటివి ఉంటేనే. అలాంటి పిల్లలను గంటసేపు పలక ముందు కూర్చోబెట్టి 'క్లాసులో కుదురు లేదు' అంటున్నాం. మూడున్నరేళ్ల వాళ్లకు నాలుగు గీతల కాపీ ఇచ్చే బడుల్లో ఇది మరీ ఎక్కువ. ఆ వయసులో మణికట్టు ఎముకలే పూర్తిగా గట్టిపడి ఉండవు. పెన్సిలు పట్టుకుని పేజీ నింపడం వాళ్లకు నిజంగానే నొప్పి. నొప్పి అని చెప్పడం రాక పెన్సిలు విసిరేస్తారు, పక్కవాడి పుస్తకం చింపుతారు. చపాతీ పిండి పిసకడం, బట్టల క్లిప్పులు తీసి పెట్టడం, తడిగుడ్డ పిండడం, చాక్‌పీసుతో నేల మీద పెద్ద పెద్ద గీతలు గీయడం, ఇవే ఆ చేతులకు రాత నేర్పుతాయి. 'మా బాబు ఏబీసీడీలు ఎన్ని రాస్తున్నాడు' అన్న లెక్కతో బడి ఎంచుకునే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలని మా విన్నపం.

గది మధ్యంతా ఖాళీగా వదిలి సామానంతా గోడలకు చేరిస్తే పిల్లలు పరుగెత్తుతారు. అది పరుగెత్తమని పిలిచే గది. రెండు చాపలు అడ్డంగా వేసి, ఒక పొట్టి అల్మరా గోడకు కాకుండా గదిలోకి తిప్పి పెడితే పరుగు దానంతటదే ఆగుతుంది. బొమ్మలు పది రకాలు ఒక్కొక్కటి చొప్పున కొనేకంటే మూడు రకాలు నాలుగేసి చొప్పున కొంటే కొట్లాటలు తగ్గుతాయి. ఒక్కో మూలలో ఎందరు ఆడుకోవచ్చో మాటల్లో చెబితే వాళ్లకు గుర్తుండదు. బ్లాకుల దగ్గర నాలుగు జతల పాదాలు సుద్దతో గీస్తే, పాదాలు నిండాయంటే చోటు లేదని మూడేళ్ల పిల్లకూ తెలుస్తుంది.

ఒక పని నుంచి మరో పనికి మారే సమయాలు మరో చిక్కు. ఆటలో మునిగిన పిల్లవాడి చేతిలోంచి బొమ్మ తీసేసుకుని 'ఇక చాలు, రా' అంటే వాడు నేల మీద పడి ఏడవక ఏం చేస్తాడు? 'ఇంకో ఐదు నిమిషాలు' అనడమూ వాళ్ల దగ్గర పనిచేయదు, నిమిషమంటే ఎంతో వాళ్లకు తెలియదు. 'ఇంకో రెండుసార్లు కట్టు, తర్వాత సర్దుదాం' అంటే తెలుస్తుంది. సర్దేటప్పుడు రోజూ ఒకే పాట పాడాలి. రోజులో జరిగేవి ఐదారు బొమ్మలుగా గీసి, పిల్లల కళ్లకు అందే ఎత్తులో, అంటే నేల నుంచి మూడడుగుల లోపు, వరుసగా అతికించాలి. గోడకు ఆరడుగుల ఎత్తున రంగురంగుల ఫ్లెక్సీలు పెడుతున్నారు. అవి తనిఖీకి వచ్చే అధికారులకు కనిపిస్తాయి, పిల్లలకు కనిపించవు.

మాట చెప్పే తీరుకు వస్తే, ఒకసారి ఒకే పని చెప్పాలి. 'సంచి పెట్టి, చెప్పులు విప్పి, నీళ్లు తాగి వచ్చి కూర్చో' అంటే మూడేళ్ల వాడికి చివరిదో మొదటిదో ఒక్కటే మిగులుతుంది, మిగతావి చేయలేదని తిట్లు పడతాయి. చేయకూడనిది కాకుండా చేయాల్సింది చెప్పాలి. 'పరుగెత్తొద్దు' బదులు 'మెల్లగా నడువు', 'నీళ్లు ఒలకబొయ్యకు' బదులు 'గ్లాసు రెండు చేతులతో పట్టుకో'. చెప్పాక ఐదు నుంచి పది సెకన్లు ఆగాలి. విన్న మాటను పనిలోకి మార్చుకోవడానికి వాళ్లకు అంత సమయం కావాలి. మనం రెండు సెకన్లకే గొంతు పెంచుతాం. రోజూ అలా జరిగితే, గొంతు పెంచేదాకా కదలనక్కర్లేదని పిల్లలు నేర్చుకుంటారు.

కొట్లాట వచ్చినప్పుడు ఏం చేయాలో కాస్త దగ్గరగా చూద్దాం. ఒకే ట్రాక్టర్ బొమ్మను ఇద్దరు లాగుతున్నారు. కుర్చీలోంచి 'ఏయ్' అని అరిస్తే లాగుడు పెరుగుతుందే గానీ తగ్గదు. టీచరు లేచి వెళ్లాలి. మోకాళ్ల మీద కూర్చుని బొమ్మ మీద చెయ్యి వేయాలి, లాక్కోకూడదు. 'ట్రాక్టర్ కాసేపు నేను పట్టుకుంటాను' అనాలి. తర్వాత కళ్లకు కనిపించిందే చెప్పాలి: 'నీకూ కావాలి, నీకూ కావాలి. ట్రాక్టరేమో ఒక్కటే ఉంది.' ఎవరు ముందు తీశారని విచారణ పెట్టొద్దు. ఇద్దరూ 'నేనే' అంటారు, ఇద్దరూ అదే నిజమని నమ్ముతారు. 'ఏం చేద్దాం?' అని అడిగి ఆగాలి. ఐదేళ్ల వాళ్లు తరచూ ఏదో ఒక దారి చెబుతారు. మూడేళ్ల వాళ్లకు తోచదు కాబట్టి టీచరే రెండు దారులు చూపించాలి: గోడ దాకా ఒకసారి నడిపి తెచ్చి రెండోవాడికి ఇవ్వడం, లేదా ఒకరు నడుపుతుంటే ఇంకొకరు ట్రాలీలో బ్లాకులు నింపడం. వంతు చెప్పాక, ఆ వంతు మారేదాకా టీచరు అక్కడే ఉండాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. వంతు చెప్పేసి వేరే పని మీద వెళ్లిపోతారు. రెండోవాడికి బొమ్మ అందదు. వాడికి వంతు మీద నమ్మకం పోతుంది, మర్నాడు నేరుగా లాక్కుంటాడు. ఇదంతా కలిపి రెండు మూడు నిమిషాల పని.

కొరకడం మూడేళ్లలోపు పిల్లల్లో ఎక్కువ. మాటలు చాలక, చోటు ఇరుకై, నిద్ర చాలక కొరుకుతారు. ముందుగా దెబ్బ తగిలిన పిల్ల దగ్గరికి వెళ్లాలి. గాటు పడిన చోట సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో కడిగి చల్లటి తడిగుడ్డ అద్దాలి. చర్మం తెగితే ఆరోగ్య కేంద్రంలో చూపించాలి. కొరికిన పిల్లతో ఎక్కువ మాటలు వద్దు. 'కొరికితే నొప్పి. నీకు బొమ్మ కావాలంటే ఇవ్వు అని అడుగు' అంటే చాలు. పొడవాటి ఉపన్యాసం పెడితే, అందరూ తన వైపే చూస్తున్నారన్న సంగతి ఒక్కటే ఆ పిల్లకు ఎక్కుతుంది. నొప్పి తెలియాలని తిరిగి కొరకడం, నాలుకకు కారం రాయడం ఇప్పటికీ జరుగుతున్నాయి. ఇవి హింస. వాటివల్ల కొరకడం తగ్గదు, పెద్దవాళ్లు చూడనప్పుడు కొరకాలని మాత్రం తెలుస్తుంది.

బలవంతంగా 'సారీ చెప్పు' అనిపించడం కూడా వృథా. నాలుగేళ్ల వాడు సారీ చెప్పి మళ్లీ కొడతాడు, ఆ మాటతో లెక్క సరిపోయిందనుకుంటాడు. దాని బదులు తడిగుడ్డ తెచ్చివ్వమనండి, కూలగొట్టిన ఇల్లు కలిసి కట్టమనండి. 'పోలీసుకు పట్టిస్తా', 'ఇంజక్షన్ వేయిస్తా', 'మీ అమ్మ ఇక రాదు' లాంటి బెదిరింపుల్లో చివరిది మరీ అన్యాయం, ఆ వయసు పిల్లలకు అంతకన్నా పెద్ద భయం లేదు. గోడ మీద స్టార్ల చార్టు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆ నలుగురికే స్టార్లు వస్తుంటాయి, మిగతావాళ్లకు అది రోజూ కనిపించే అవమానం. 'గుడ్ బాయ్' అని అందరికీ పంచేకంటే 'పుల్లలన్నీ డబ్బాలో వేశావు' అని చేసిన పనిని పేరు పెట్టి చెబితే, మళ్లీ ఏం చేయాలో పిల్లవాడికి తెలుస్తుంది.

కొత్తగా చేరిన పిల్లల ఏడుపును మొండితనం అనకండి. వాళ్లు ఆటలో ఉండగా తల్లి చెప్పకుండా జారుకుంటే ఏడుపు ఎక్కువ రోజులు సాగుతుంది, ఎందుకంటే ఆ తర్వాత ఆమెను కళ్లముందు నుంచి కదలనివ్వరు. 'అన్నం తిన్నాక వస్తా' అని చెప్పి, రోజూ ఒకే తీరుగా వీడ్కోలు చెప్పి, ఆగకుండా వెళ్లిపోవాలి, చెప్పిన వేళకు రావాలి. మొదటి వారం గంట, రెండు గంటలు ఉంచి క్రమంగా పెంచితే చాలామంది రెండు మూడు వారాల్లో అలవాటు పడతారు. దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత ఏడుపు తిరగబెడుతుంది, కంగారు పడక్కర్లేదు.

ఇంత చేసినా కుదరని పిల్లలు ఉంటారు. అలాంటి పిల్ల కోసం నోటుబుక్కులో ఒక పేజీ కేటాయించి వారం రోజులు రాయాలి: ఎన్నింటికి జరిగింది, అంతకుముందు ఏం జరుగుతోంది, ఏం చేసింది, ఆ తర్వాత పెద్దలు ఏం చేశారు. రోజూ పదకొండున్నరకే జరుగుతోందంటే ఆకలి సంగతి, పొద్దున టిఫిన్ సంగతి చూడాలి. కొట్టినప్పుడల్లా టీచరు ఒళ్లో కూర్చోబెట్టుకుంటున్నట్టు తేలితే, ఆ ఒడి కొట్టకముందే దొరికేలా చూడాలి. పేరు పెట్టి పిలిస్తే తిరగని పిల్లకు చెవిలో గులిమి గానీ, చీము గానీ ఉండొచ్చు, వినికిడి లోపమూ ఉండొచ్చు. మూడేళ్లు నిండినా చిన్న వాక్యం పలకకపోయినా, వచ్చిన మాటలు పోయినా, తల గోడకు బాదుకుంటున్నా ఆలస్యం చేయకూడదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి. వచ్చినప్పుడు ఆ పేజీ వాళ్ల ముందు పెట్టి, ఎదుగుదల లోపాలున్న పిల్లలను చూసే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి రాయించాలి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. కానీ ఆ చట్టంలో బాలలంటే 6 నుంచి 14 ఏళ్ల వాళ్లు. అందరికంటే చిన్నవాళ్లు, తమకు జరిగింది ఇంట్లో చెప్పలేనివాళ్లు, ఆ లెక్కలోకి రారు. తన సంరక్షణలో ఉన్న పిల్లలను కొట్టడం, వేధించడం 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద నేరమే అయినా, విషయం అక్కడిదాకా వెళ్లేది ఒళ్లు వాచినప్పుడే. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశ అని 2020 జాతీయ విద్యా విధానం చెప్పాక, రక్షణ మాత్రం ఆరేళ్ల దగ్గర మొదలవడం సబబు కాదు. 17వ సెక్షన్‌ను పూర్వ ప్రాథమిక తరగతులకూ వర్తింపజేయాలి.

టీచర్లనే తప్పుపడితే సరిపోదు. అంగన్‌వాడీల్లో బరువు తూచడం, రేషన్ ఇవ్వడం, పోషణ్ ట్రాకర్ అనే ఫోను యాప్‌లో ఎంట్రీలు, సర్వేలు అన్నీ ఒక్క మనిషి మీద వేసి, పిల్లలను ఓపిగ్గా చూసుకోమంటే ఎలా? ఫోనులో తల దూర్చిన టీచరు ముందు 25 మంది కుదురుగా కూర్చోరు. పొద్దున రెండు గంటలు పిల్లలకే కేటాయించి, ఆ సమయంలో ఏ రిపోర్టూ అడగకూడదని రెండు తెలుగు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలు ఉత్తర్వు ఇవ్వాలి. కొన్ని కేంద్రాల అంగన్‌వాడీ టీచర్లు కలిసి నెలనెలా జరుపుకునే సెక్టార్ మీటింగుల్లో గంటసేపు రిజిస్టర్లు పక్కన పెట్టి, ఇద్దరు టీచర్లను పిల్లలుగా కూర్చోబెట్టి, పైన చెప్పిన ట్రాక్టర్ తగాదా లాంటివి చేసి చూపించాలి. ఇవి చదివితే రావు, చేస్తేనే వస్తాయి. ప్రైవేటు నర్సరీలను తనిఖీ చేసే అధికారులు కూడా కట్టడం, ఫైర్ సర్టిఫికెట్‌తో ఆగకుండా ఒక అరగంట గదిలో వెనకాల కూర్చోవాలి. పిల్లలు ఎంతసేపు ఊరికే ఎదురుచూస్తున్నారో గడియారం పెట్టి చూసి, ఆ నిమిషాలు నివేదికలో రాయాలి.

ఇట్లు,
పూర్వ ప్రాథమిక విద్యలో టీచర్లకు శిక్షణనిచ్చే కొందరం,
హనుమకొండ