భీమిలి పాత ఇళ్లలో మళ్లీ దీపం వెలగాలి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి,

నమస్కారములు.

నేను భీమిలి అని పిలుచుకునే భీమునిపట్నంలో పుట్టి పెరిగి, ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్నందువల్ల నేనూ నా భార్యా కొన్ని నెలలు అక్కడ ఉండి వచ్చాము. ఆ రోజుల్లో శాన్ ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరపు కొసన, సముద్రపు ఒడ్డునే ఉన్న ప్రెసిడియో అనే ఉద్యానవనానికి నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిసారి అందరిలాగే గోల్డెన్ గేట్ వంతెన కోసం వెళ్ళాను. తక్కిన మూడుసార్లు అక్కడి పాత ఇళ్ల కోసం వెళ్ళాను. ఆ ఇళ్ల మధ్య నడుస్తున్నంతసేపూ మా ఊరే కళ్ళ ముందు మెదిలింది. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

ప్రెసిడియో మొదట ఉద్యానవనం కాదు. 1776లో స్పెయిన్ సైనికులు వేసిన ఆ విడిది కొంతకాలం మెక్సికో అధీనంలో ఉండి, 1840లలో అమెరికా సైన్యం చేతికి వచ్చి, 1994లో సైన్యం ఖాళీ చేసేవరకు కంటోన్మెంటుగానే కొనసాగింది. స్థలం దాదాపు 1,500 ఎకరాలు. అందులో చారిత్రకమైనవిగా గుర్తించిన కట్టడాలే నాలుగు వందలకు పైగా ఉన్నాయి. ఇన్ని ఇళ్లను ఎవరు పోషించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అమెరికా కాంగ్రెస్ 1996లో చట్టం చేసి ప్రెసిడియో ట్రస్టును ఏర్పాటు చేసి, 2013 నాటికి ఆ ట్రస్టు తన ఖర్చు తానే భరించుకోవాలని గడువు పెట్టింది. ట్రస్టు ఆ మాట నిలబెట్టుకున్నది. తలుపులకు తాళాలు వేసి, గోడలకు బోర్డులు తగిలించి కాదు, ఇళ్లను అద్దెకిచ్చి నిలబెట్టుకున్నది. సైనికాధికారుల సంసారాల కోసం కట్టిన ఇళ్లలో ఇప్పుడు మామూలు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. పెళ్ళికాని అధికారుల బస 2012 నుంచి హోటలుగా నడుస్తోంది. 1890ల నాటి ఎర్ర ఇటుకల బారకుల్లో ఒకటి వాల్ట్ డిస్నీ జీవితాన్ని చూపే మ్యూజియంగా మారింది.

ఫన్‌స్టన్ అవెన్యూ అనే వీధిలో 1862లో కట్టిన చెక్క ఇళ్ల వరుస ఒకటి ఉన్నది. నూట అరవై ఏళ్ళు దాటిన ఆ ఇళ్ల వసారాలు, మెట్లు, కిటికీ రెక్కలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. మరో వీధిలో అలాంటి పాత ఇంటి వరండాలో పసిపిల్లల మూడు చక్రాల సైకిలు, గుమ్మం పక్కన విడిచిన చెప్పులు కనిపించాయి. వాటిని చూసి నా భార్య, "ఇల్లు మనుషులుంటేనే నిలుస్తుందండీ, చూశారా" అన్నది. ఆ మాటను మించి మీకు చెప్పవలసినది నా దగ్గర పెద్దగా లేదు.

ఇళ్ల దగ్గరనుంచి కిందికి దిగితే క్రిస్సీ ఫీల్డ్ అనే తీరం వస్తుంది. 1921లో అక్కడ సైనిక విమానాల కోసం మైదానం వేశారు. దానికి ముందే ఉప్పునీటి చిత్తడి నేలను పూడ్చివేశారు. సైన్యం వెళ్ళాక అక్కడి తారును పెకలించి, చిత్తడి నేలలో కొంత భాగాన్ని మళ్ళీ తవ్వి సముద్రపు పోటుకు తెరిచి, స్వచ్ఛంద సేవకుల చేతులతో లక్ష స్థానిక మొక్కలు నాటించి, 2001లో ప్రజలకు అప్పగించారు. ప్రవేశ రుసుము లేదు. నేల చదునుగా ఉండడంవల్ల మోకాళ్ళ నొప్పులున్న నా భార్య సైతం ఎవరి సాయమూ లేకుండా నడిచింది. పడమటికి నడుస్తున్నంత దూరమూ వంతెన ఎదురుగానే ఉంటుంది. దానికీ నడిచేవారికీ నడుమ ఒక్క హోర్డింగు లేదు, ఒక్క ప్రహరీ లేదు.

ఆ నడక చివర, వంతెన కింద, ఫోర్ట్ పాయింట్ అనే ఇటుకల కోట ఉన్నది. 1853 నుంచి 1861 వరకు కట్టిన ఆ కోట, 1930లలో వంతెన కట్టే నాటికి సైన్యానికి అక్కరలేని పాత కట్టడం. వంతెన దక్షిణపు కొస సరిగ్గా దాని మీదికే రావలసి ఉన్నందువల్ల దానిని పడగొట్టడమే సులువైన దారి. అయినా ప్రధాన ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ కోటను కాపాడాలని నిశ్చయించి, దాని నెత్తిన ప్రత్యేకంగా ఒక ఉక్కు కమాను వేయించి వంతెనను దానిమీదుగా దాటించాడు. నేను ఆ కోట నడిమి వాకిలిలో నిలబడి తలెత్తి చూశాను. 1937లో ప్రారంభమైనప్పుడు రెండు ప్రధాన స్తంభాల నడుమ 4,200 అడుగుల నిడివితో ప్రపంచంలోకెల్లా పొడవైన వేలాడే వంతెనగా పేరు పొందిన ఆ మహా నిర్మాణం, ఒక పాత ఇటుకల కోట కోసం అక్కడ వంగి నిలిచినట్టు తోచింది. కొత్తది రావడానికి పాతది కూలనక్కరలేదని ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠం చెప్పిన నేను, దానిని కంటితో చూసింది మాత్రం అక్కడే.

మంత్రి గారూ, భీమిలిలోనూ సముద్రం ఉన్నది, చరిత్రా ఉన్నది. పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు వర్తకానికి వచ్చి స్థిరపడిన రేవు ఇది. వారి సమాధులు, వాటిమీద చెక్కిన అక్షరాలు నేటికీ ఉన్నాయి. 1825లో ఇంగ్లీషువారి చేతికి వచ్చి, 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్టణం. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, పైన బౌద్ధుల పావురాలకొండ, నరసింహస్వామి గుడి, గడియార స్తంభం అన్నీ నడిచి చూడగలిగేంత దగ్గరలో ఉన్నాయి. లేనిదల్లా ఆ పాత వీధుల ఇళ్ల గురించిన పట్టింపు. గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలు, టేకు దూలాల మీద వేసిన మద్రాసు మిద్దెలు, వీధి అరుగులు, పెంకుల వసారాలు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నాయి. నా బాల్యమిత్రుడి ఇల్లు ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంటు ఉన్నది. ఆ కుటుంబాన్ని నేను తప్పుపట్టను. ఉప్పుగాలికి దూలాలు పాడై, వారసులు పంచుకోలేక, మరమ్మతు చేయగల మేస్త్రీ దొరకక వారు అమ్ముకున్నారు.

మరమ్మతు చేసినచోటా నష్టమే జరుగుతోంది. సున్నపు గోడ గాలి పీల్చుకుని వదిలే గోడ. దానిపైన సిమెంటు పూత వేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక, ఉప్పు గోడలోనే పేరుకుని, నాలుగైదు వానాకాలాలకే పెచ్చులూడిపోతుంది. ఇది తెలిసిన మేస్త్రీలు మా ప్రాంతంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమందే మిగిలారు. వారు ఉండగానే కుర్రవాళ్ళకు ఆ పని నేర్పించే ఏర్పాటు చేయడం, నా దృష్టిలో, తీరం వెంబడి రంగుల దీపాలు పెట్టడం కంటే ముందు చేయవలసిన పని.

ప్రెసిడియో భూమి అంతా ఒక్క ప్రభుత్వానిదే. భీమిలి ఇళ్లు ఎక్కువగా ప్రైవేటు ఆస్తులు. కాబట్టి అక్కడి పద్ధతిని యథాతథంగా తెమ్మని నేను కోరడం లేదు. ముందుగా ప్రభుత్వం చేతిలో ఉన్న పాత భవనాల్లో ఒక్కదానిని, బయటి రూపం చెడకూడదన్న షరతుతో, దీర్ఘకాలపు లీజుకు ఇచ్చి చూడండి. అది హోటలైనా, గ్రంథాలయమైనా, చేనేత దుకాణమైనా ఫరవాలేదు, పగలూ రాత్రీ అందులో మనుషులు ఉంటే చాలు. ప్రైవేటు ఇళ్ల విషయంలో యజమానులను పిలిచి మాట్లాడి, ఇల్లు నిలుపుకున్నందుకు ఆస్తిపన్నులో మినహాయింపు ఇవ్వండి. రోడ్ల వెడల్పుకు స్థలమిచ్చినవారికి టీడీఆర్ బాండ్లు, అంటే మరోచోట అదనంగా కట్టుకునే లేదా ఆ హక్కును అమ్ముకునే పత్రాలు, ఇవ్వడం మనకు అలవాటైన పద్ధతే. పాత ఇంటిని పడగొట్టకుండా ఉంచుకున్నవారికీ అలాంటి మేలే ఎందుకు చేయకూడదు?

ఈ పనికి వ్యవధి ఎక్కువ లేదు. మాకు దగ్గరలోనే భోగాపురం విమానాశ్రయం తలపెట్టారు, దానితోపాటే తీరంలో సెంటు భూమి ధర ఏడాదికేడాది పెరుగుతోంది. విమానాశ్రయం రావాలి, విశాలమైన రోడ్లూ రావాలి. నేను వాటికి వ్యతిరేకిని కాను. అయితే రోడ్డు గీత గీసే ముందు దారిలో ఏ ఇల్లు ఉన్నదో, ఏ సమాధి ఉన్నదో చూసి, అవసరమైతే గీతను నాలుగు గజాలు పక్కకు జరపమని మీ ఇంజనీర్లకు చెప్పండి. తీరానికీ ఊరికీ నడుమ కొత్త ప్రహరీలు లేవకుండా, జాలర్ల పడవలకూ వలలకూ చోటు తగ్గకుండా చూడండి.

గత వేసవి నుంచి నేను ఉదయం నడకకు వెళ్ళినప్పుడల్లా ఇంకా నిలిచి ఉన్న పాత ఇళ్లను వీధివారీగా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. గోడ ఏమిటి, కప్పు ఏమిటి, ఎవరైనా ఉంటున్నారా లేదా అన్న వివరాలు అందులో ఉన్నాయి. మీ అధికారులెవరైనా వస్తే ఆ పుస్తకం ఇచ్చి, ఆ వీధులన్నీ వెంట నడిచి చూపిస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
భీమునిపట్నం