ఎస్ఎంపీఎస్ రీప్లేస్‌మెంట్లు ఎందుకు లేటవుతున్నాయో చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి

మన షాపులో సిస్టం కట్టించుకున్న అన్నలకీ తమ్ముళ్లకీ, ముఖ్యంగా పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసేవాళ్లకీ ఆల్బం డిజైనర్లకీ. ఫోన్ ఎత్తట్లేదని, వాట్సాప్‌లో బ్లూ టిక్కులు పడ్డా రిప్లై రావట్లేదని కొంతమంది కోపంగా ఉన్నారు. ఒకాయనైతే "నువ్వూ అందరిలాగే అయిపోయావా" అన్నాడు, ఆ మాట గట్టిగానే తగిలింది. ఒక్కొక్కళ్లకి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు జరిగిందంతా ఒక్కసారే రాసేస్తున్నా.

మనం ఇంతకాలం వేసిన 650 వాట్స్ ఫుల్ మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ ఉంది కదా, అంటే సిస్టంకి కరెంటు అందించే పెట్టె, కేబుళ్లన్నీ విడిగా గుచ్చుకునేది, నల్ల ఫ్లాట్ కేబుళ్లది, అందులో కొన్ని ఈ ఎండాకాలం నుంచి మొరాయిస్తున్నాయి. మామూలుగా బ్రౌజింగ్ చేసుకుంటే ఏమీ ఉండదు, ఎడియస్‌లోనో ప్రీమియర్‌లోనో (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు) రెండు గంటల పెళ్లి రెండర్‌కి, అంటే ఫైనల్ వీడియో తయారవడానికి పెట్టి భోజనానికెళ్తే వచ్చేసరికి సిస్టం రీస్టార్టయి లాగిన్ స్క్రీన్ దగ్గర కూర్చుని ఉంటుంది. విండోస్‌లో లోపాల చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్ పవర్ 41 అని ఉంటుంది, అది చూసి ఎస్ఎంపీఎస్ పోయిందని తీర్మానం చేసేస్తారు జనం. నిజానికి అది సరిగ్గా షట్‌డౌన్ అవలేదని చెప్పడం తప్ప ఎందుకు అవలేదో చెప్పదు. అందుకే నేను ర్యాం మార్చి, గ్రాఫిక్స్ కార్డు మార్చి, లోడ్ పెట్టి 12 వోల్ట్ లైన్ మీద మీటర్ పెట్టి చూశాకే యూనిట్ బయటికి తీశా. 12 అంటే 11.4 కింద పడకూడదు, 5 శాతం వరకే సడలింపు. ఇవి లోడ్ పడగానే అంతకన్నా కిందకి జారుతున్నాయి. గుంటూరు ఎండలు 44, 45 దాకా పోతాయి, గోడకి ఆనించి పెట్టిన క్యాబినెట్లో లోపల ఇంకెంత ఉంటుందో మీకే తెలుసు. కెపాసిటర్లకి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం అవుతుందని ఒక లెక్క. అయినా కంపెనీ అయిదేళ్ల వారంటీ రాసిచ్చాక ఆ ఎండ సంగతి మనకెందుకు, వాళ్లే చూసుకోవాలి. ఇంతవరకూ ఎవరినీ ఏమీ అనను, వస్తువన్నాక పోతుంది.

తర్వాత జరిగిందే నాకు నిద్రపట్టనివ్వలేదు.

రీప్లేస్‌మెంట్లు హైదరాబాద్ నుంచి మనం ఎప్పుడూ సరుకు తెచ్చుకునే డిస్ట్రిబ్యూటర్ ద్వారా వచ్చాయి. తెల్లట్ట పెట్టెలో ఒట్టి యూనిట్, చుట్టూ బబుల్ షీట్, అంతే. కేబుల్ ఒక్కటీ లేదు. మోడల్ పేరు అదే, చివర ఒక అక్షరం ఎక్కువుంది, అంటే కొత్త రివిజన్. కేబుళ్లేవి అని ఫోన్ చేస్తే "పాతవి ఉన్నాయి కదన్నా, అదే కంపెనీ, గుచ్చెయ్యండి, సాకెట్ సరిపోతుంది" అన్నాడు. సాకెట్ నిజంగానే సరిపోతుంది, క్లిక్‌మని కూర్చుంటుంది కూడా. తాళంచెవి కంతలో దూరింది కదా అని తలుపు మనదే అనుకుంటే ఎలా?

మాడ్యులర్ ఎస్ఎంపీఎస్‌లో మదర్‌బోర్డు వైపు, హార్డ్‌డిస్కు వైపు ఉండే కనెక్టర్లకి ఒక స్టాండర్డ్ ఉంది, ఏ కంపెనీదైనా పిన్నుల వరస ఒకటే. ఎస్ఎంపీఎస్ వైపు ఉండే సాకెట్‌కి మాత్రం ఏ స్టాండర్డూ లేదు. ఏ పిన్నులో 12 ఇస్తారు, ఏ పిన్నులో 5 ఇస్తారు అనేది కంపెనీ ఇష్టం, ఒకే కంపెనీలో సిరీస్ మారితే కూడా మారిపోవచ్చు. కోర్సెయిర్ కంపెనీ వాళ్లు ఈ విషయంలో నయం, కేబుల్ మీదే టైప్ 3 అనో టైప్ 4 అనో వేస్తారు, ఏ మోడల్‌కి ఏ టైప్ అని సైట్‌లో పట్టిక పెట్టారు, ఆ రెండిటికీ 24 పిన్ కేబుల్ వరస వేరు. మన దగ్గరున్న దాని మీద టైపూ లేదు, పట్టికా లేదు.

అందుకని ఏ సిస్టంకీ తగిలించకుండా టేబుల్ మీదే చూశా. కొత్త యూనిట్‌కి పాత 24 పిన్ కేబులూ, డిస్కులకి కరెంటు ఇచ్చే పాత సాటా కేబులూ గుచ్చా, సాటా కొసకి డిస్కులేవీ పెట్టలేదు. 24 పిన్ కేబుల్ కొసన మదర్‌బోర్డు వైపు కనెక్టర్‌లో మామూలుగా ఆకుపచ్చ వైరుండే 16వ పిన్నునీ పక్కనున్న గ్రౌండ్‌నీ జెమ్ క్లిప్పుతో కలిపితే ఎస్ఎంపీఎస్ ఆన్ అవుతుంది, చాలామందికి తెలిసిందే. ఫ్యాన్ తిరిగింది. ఆ సాటా కేబుల్ చివర పాత పద్ధతి నాలుగు కంతల మోలెక్స్ కనెక్టర్ ఒకటుంటుంది, అందులో మధ్య రెండూ గ్రౌండు, ఒక చివర 12, ఇంకో చివర 5 రావాలి. మీటర్ నల్ల ప్రోబ్ మధ్యలో పెట్టి ఎర్రది 5 ఉండాల్సిన కంతలో పెడితే 12.09 చూపించింది. నా మీటరే తప్పేమో అని పక్క మొబైల్ షాపు తమ్ముడి మీటర్ తెచ్చి పెట్టా, అదే రీడింగ్. అదే కేబుల్ పాత యూనిట్‌కి గుచ్చితే చక్కగా 5.03.

దీనర్థం ఏంటో ఎడిటర్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. సాటా ఎస్ఎస్‌డీ 5 వోల్ట్‌ల మీదే బతుకుతుంది, హార్డ్‌డిస్కు బోర్డుకి కూడా 5 కావాలి, అక్కడ 12 తగిలిన క్షణానికి పోతుంది. కొన్ని హార్డ్‌డిస్కుల బోర్డు మీద అడ్డుగా చిన్న డయోడ్ ఉంటుంది, అది కాలిపోయి డేటాని కాపాడుతుంది, కానీ ప్రతిసారీ అలా జరగదు, దాని మీద భరోసా పెట్టుకోలేం. మదర్‌బోర్డు మీదే గుచ్చే ఎన్‌వీఎంఈ డ్రైవులు అక్కడి నుంచే కరెంటు తీసుకుంటాయి కాబట్టి ఈ కేబుల్‌తో వాటికేమీ కాదు. కానీ మన వాళ్లందరూ ఫుటేజ్ పెట్టుకునేది 4 టీబీ, 8 టీబీ హార్డ్‌డిస్కుల్లో. తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదండీ, కెమెరా కార్డులు అప్పటికే ఫార్మాట్ అయ్యుంటాయి.

ఈ రీడింగులన్నీ వీడియో తీసి డిస్ట్రిబ్యూటర్‌కి పంపా. పొద్దున్నించి సాయంత్రం దాకా జవాబు లేదు, తర్వాత డీలర్ల గ్రూపులో అందరి ముందూ "చిన్న షాపులవాళ్లు అనవసరంగా భయపెడుతున్నారు, మిగతావాళ్లంతా పాత కేబుళ్లే వాడుతున్నారు" అని పెట్టాడు. మిగతావాళ్లు ఏం వాడుతున్నారో నాకు తెలీదు, వాళ్ల కస్టమర్ల హార్డ్‌డిస్కులు ఎలా ఉన్నాయో కూడా తెలీదు. అరండల్‌పేటలో పది అడుగుల షాపే నాది, నిజమే. కానీ పది అడుగుల షాపులో కూడా మీటర్ అదే అంకె చూపిస్తుంది. నేను ఎదురు రాస్తే గొడవ ఎందుకన్నా అని నలుగురు పర్సనల్‌గా మెసేజ్ చేశారు, గ్రూపులో మాత్రం ఒక్కళ్లూ నోరు మెదపలేదు. ఇకమీదట ఆయన దగ్గర ఒక్క మౌస్ ప్యాడ్ కూడా కొనను, క్రెడిట్ ఇచ్చేది ఆయనొక్కడే కాబట్టి నాకే ఇబ్బంది, అయినా కొనను. కంపెనీకి నేరుగా మెయిల్ పెడితే కేబుల్ సెట్లు పంపిస్తాం, టైమ్ పడుతుంది అన్నారు. ఎంత టైమ్ అంటే చెప్పరు.

ఇక్కడ నేను తేల్చుకోలేక కొట్టుకున్న విషయం ఒకటుంది. కేబుళ్లు వచ్చేదాకా మీ సిస్టంలు ఆపేయాలా, లేదా ఇంకో కంపెనీది వేసేయాలా, వేస్తే ఏది వేయాలి, డబ్బులెవరివి? ముందు అనుకున్నది మామూలు నాన్ మాడ్యులర్ బ్రాంజ్ 550 వాట్స్‌ది వేసేద్దామని. కేబుళ్లు యూనిట్‌కే అతికి ఉంటాయి, మారిపోయే ప్రమాదమే లేదు, రేటు సగం. లోడ్ లెక్క వేసినా సరిపోతుంది. మన వాళ్లలో ఎక్కువమందికి ఉన్నది ఐ5 12400 ప్రాసెసర్, దానికి గట్టిగా లాగితే 117 వాట్స్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుకి 170, డిస్కులూ ఫ్యాన్లూ బోర్డూ కలిపి ఇంకో యాభై అరవై వేసుకున్నా 350 దాటదు. 850 కావాలి, 1000 కావాలి అని యూట్యూబ్ చూసి వచ్చేవాళ్లకి నేను ఇదే లెక్క కాగితం మీద వేసి చూపిస్తా, అమ్ముకుంటే నాకే లాభం అయినా.

కానీ మనసొప్పలేదు. నాలుగేసి డిస్కులు పెట్టిన ఎడిటింగ్ క్యాబినెట్లలో ఆ కేబుళ్ల మోపు అంతా ముందు ఫ్యాన్‌కి అడ్డంగా పడుతుంది, అసలే వేడితో పోతున్న సిస్టంలకి మళ్లీ అదే వేడి పెట్టినట్టు. ఇంకో సంగతి, ఒప్పుకుంటా, మొండితనం. మాడ్యులర్ తీసుకోండి అని మీ అందరికీ చెప్పింది నేనే, ఒకడు కేబుళ్లు ఎగ్గొట్టాడని మాడ్యులరే తప్పు అనే మాట నా నోటితో నేను అనను. ఆ మాట కోసం ఎంత ఖర్చు పెడుతున్నావో తెలుసా అని ఇంట్లో అడిగారు. తెలుసు.

80 ప్లస్ గోల్డ్ అన్న స్టిక్కర్ చూసి కూడా ఎంచుకోలేదు. ఆ పరీక్ష 115 వోల్ట్‌ల మీద సగం లోడ్ దగ్గర గోల్డ్‌కి 90 శాతం, బ్రాంజ్‌కి 85 శాతం ఎఫిషియెన్సీ అడుగుతుంది, అదీ 23 డిగ్రీల గదిలో. గుంటూరులో 23 డిగ్రీలు అంటే సంక్రాంతి ముందు పొద్దున్న. కరెంటు ఎంత వృథా కాదో చెప్తుంది తప్ప యూనిట్ ఎన్నేళ్లుంటుందో చెప్పదు. నేను చూసింది వారంటీ ఎన్నేళ్లు, పొడవెంత, కేబుళ్లు విడిగా దొరుకుతాయా అని. చివరికి సీసానిక్ ఫోకస్ జీఎక్స్ 650 దగ్గర ఆగా. పదేళ్ల వారంటీ, ఫుల్ మాడ్యులర్, పొడవు 140 మిల్లీమీటర్లే కాబట్టి చిన్న క్యాబినెట్లలో డిస్కుల పెట్టెకి తగలకుండా కూర్చుంటుంది. ఆర్‌టీఎక్స్ 5070 లాంటి 16 పిన్ల పవర్ సాకెట్ ఉన్న గ్రాఫిక్స్ కార్డులు వేసుకున్న ఇద్దరు ముగ్గురికి మాత్రం ఏటీఎక్స్ 3.1 అనే కొత్త స్టాండర్డ్ ఉన్న 750 వాట్స్‌ది వేస్తా, ఆ 16 పిన్ కేబుల్ నేరుగా ఎస్ఎంపీఎస్ నుంచే వస్తుంది, అడాప్టర్ల బెడద ఉండదు. అన్నట్టు ఏటీఎక్స్ 3.1లో కరెంటు పోయాక ఫుల్ లోడ్ మీద 12 మిల్లీ సెకన్లు పట్టుకుంటే చాలన్నారు, అంతకుముందు 17 అడిగేవాళ్లు. మామూలు యూపీఎస్ 4 నుంచి 10 లోపు మారుతుంది కాబట్టి పర్వాలేదు, ఇంటి ఇన్వర్టర్ మీద సిస్టం నడిపేవాళ్లు మాత్రం ఇన్వర్టర్ వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో ఈ రోజే చూసుకోండి, నార్మల్‌లో ఉంటే ఎంత మంచి ఎస్ఎంపీఎస్ వేసినా కరెంటు పోయినప్పుడల్లా రీస్టార్టే.

డబ్బుల సంగతి. సిస్టం మీద సంపాదించుకునేవాళ్లకి, అంటే ఎడిటింగ్, డీటీపీ, ఫ్లెక్స్ డిజైన్ వాళ్లకి, అయిదేళ్ల వారంటీలో ఉంటే కొత్తది నా ఖర్చుతో వేసేస్తా, పైసా అడగను. ముహూర్తాల టైమ్‌లో సిస్టం ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. కంపెనీ కేబుళ్లు ఎప్పుడు పంపితే అప్పుడు ఆ రీప్లేస్‌మెంట్ యూనిట్లు నేనే ఎలాగోలా అమ్ముకుంటా, నష్టమో లాభమో నాది. ఇంట్లో పిల్లల చదువులకి, గేములకి తీసుకున్నవాళ్లకి ఒకేసారి అంత పెట్టే స్తోమత నాకు లేదు, దాచేదేముంది, వాళ్లకి కేబుళ్లొచ్చేదాకా షాపులో ఉన్న నాన్ మాడ్యులర్ యూనిట్లు ఊరికే వాడుకోడానికిస్తా. నాకొద్దు, కొత్తదే కావాలి అంటే బిల్లు రేటుకే, ఏడు వేల పైచిలుకు పడుతోంది, బిగించినందుకు ఏమీ తీసుకోను.

ఒక్క మాట మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నా. ఎస్ఎంపీఎస్ మారిస్తే పాత కేబుళ్లు మొత్తం, 24 పిన్ దగ్గర్నించి చివరి సాటా దాకా, బయటికి తీసేస్తా. నీట్‌గా కట్టిన వైరింగ్ అన్నా, అది ఉంచేసి యూనిట్ ఒక్కటే మార్చు, పది నిమిషాల్లో అయిపోతుంది కదా అంటే కుదరదు, షాపులో నిలబడి అరిచినా కుదరదు. బాగా తెలిసినవాళ్లే ఎక్కువ అడుగుతున్నారు ఈ మాట. ఒక్కో సిస్టంకి గంటన్నర పడుతుంది, అందుకే రోజుకి నాలుగుకి మించి ఒప్పుకోవట్లేదు. విప్పిన పాత కేబుళ్లు మీకు తిరిగివ్వను కూడా, మళ్లీ ఏ బంధువుల సిస్టంకో గుచ్చుతారు.

రెండర్‌లో రీస్టార్ట్ అవుతున్నవాళ్లు ముందు రండి. బాగానే నడుస్తున్నవాళ్లు కంగారు పడి విప్పించుకోవద్దు, క్యాబినెట్ వెనక జాలీ మీద దుమ్ము దులిపి గోడకి జానెడు దూరం జరిపితే చాలు. వచ్చే ముందు వాట్సాప్‌లో క్యాబినెట్ లోపల ఎస్ఎంపీఎస్ స్టిక్కర్ ఫోటో పెట్టండి, ఫోన్లు చేస్తే పని మధ్యలో ఎత్తలేను, ఈ వారం కూడా ఎత్తలేను, తిట్టుకోండి పర్వాలేదు. బిల్లు పోయిందని ఆగిపోవద్దు, కొన్నప్పటి ఫోన్ నంబర్ చెప్తే నా దగ్గర కాపీ తీసుకోవచ్చు.