లీకు మళ్లీ వచ్చింది, తప్పు మాదే

స్విఫ్ట్, డిజైర్, రిట్జ్ 1.3 డీజిల్ బండ్లున్న మన కస్టమర్లకు ఒక మాట. ఈ రెండు నెలల్లో మన షెడ్డులో ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ (ఫిల్టర్ కూర్చునే గిన్నె) ప్యాకింగ్, అంటే అది ఇంజన్‌కి అతికే చోట ఆయిల్ కారకుండా వేసే రబ్బరు, మార్పించుకున్న బండ్లలో మూడు మళ్లీ లీకుతో తిరిగొచ్చాయి.

మొదటిది వచ్చినప్పుడు ప్యాకింగే నాసిరకమేమో అనుకుని ఇంకోటి వేసి పంపించేశాను. మూడోది వచ్చాక గానీ హౌసింగ్ ఊడదీసి ట్యూబులైట్ కింద పెట్టి చూడలేదు. ప్యాకింగ్ కూర్చునే చోట, అల్యూమినియం మీద గోరుకి తగిలేంత గీత! పాత ప్యాకింగ్ ఏళ్ల తరబడి వేడికి ఎండి అతుక్కుపోతుంది కదా, దాన్ని మా కుర్రాడు స్క్రూడ్రైవర్‌తో గోకేసి, పైన సిలికాన్ పేస్ట్ దట్టంగా పూసి బిగించేశాడు. వాణ్ని అని లాభం లేదు, సాయంత్రానికల్లా బండి ఇచ్చెయ్యాలని తొందరపెట్టింది నేనే. లోపలికి పొంగిన పేస్ట్ ముక్క ఊడి ఆయిల్ దారిలో అడ్డం పడితే లీకు కంటే పెద్ద ఖర్చు, అది తలుచుకుంటేనే నాకు టెన్షన్.

ఆ మూడు బండ్లకీ హౌసింగ్ మార్చాం, పైసా తీసుకోలేదు. ఈ రెండు నెలల్లో చేయించుకున్న మిగతావాళ్లు కూడా తీసుకురండి, విప్పి చూసి బాగుచేసి ఇస్తాం, ఆయిల్, కూలెంట్ ఖర్చు కూడా మాదే.

ఇకనుంచి ఈ పనికి బండి పొద్దున్నే ఇచ్చి మర్నాడు తీసుకెళ్లాలి. హౌసింగ్‌కే, కూలెంట్‌తో ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలర్ ఉంటుంది కాబట్టి కూలెంట్ కూడా దించాలి, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో నిదానంగా గీకాలి, బోల్టులు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువు కావాలో అంతే బిగించే పానా) బిగించాలి, ఇంజన్ కడిగి, తిప్పి, రాత్రంతా కింద అట్టముక్క వేసి చూడాలి. లేబర్ 500 పెరుగుతుంది. "పేస్ట్ పూసి పంపెయ్యి అన్నా" అంటే మాత్రం ఇక చెయ్యను.

ఇంకోటి, చాలామంది చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్ పోయిందనుకుని వస్తున్నారు. పైన హౌసింగ్ దగ్గర కారిన ఆయిలే ఇంజన్ వెంబడి దిగి చాంబర్ అడుగున బొట్టు కడుతుంది, కింద చూసి చాంబర్ విప్పిస్తే డబ్బు దండగ. మారుతి 2020 ఏప్రిల్‌కే ఈ డీజిల్ ఆపేసింది, అంటే ఎంత కొత్త బండైనా రబ్బరు పాతదే, ఒకసారి టార్చి వేసి చూసుకోండి.

ర్యాంపు ఒక్కటే ఉంది, వచ్చే ముందు ఒక ఫోన్ కొట్టండి.