కోపం వెనకున్న మాట

సంపాదకులు గారికి నమస్కారం.

కోపం వస్తే దిండును గుద్దండి, మనసు తేలికపడుతుంది అని చాలామంది చెబుతుంటారు. నేనూ అలాగే నమ్మాను. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో, కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ సంచిని గుద్దినవాళ్లలోనే కోపం ఎక్కువగా మిగిలింది. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లలో తక్కువగా ఉంది. మా కౌన్సెలర్ చెప్పేదాకా నాకీ సంగతి తెలియదు.

నేను కౌన్సెలర్ దగ్గరికి వెళ్లింది మా అమ్మాయి వల్ల. తొమ్మిదో తరగతి చదువుతోంది. నేను నింపుతున్న ఫారంలో కూడిక తప్పిందని నలుగురి ముందు చెప్పింది. చేతిలోని ఫోన్ గోడకేసి కొట్టాను. మర్నాటి నుంచి నేనున్న గదిలోకి రావాలంటే తలుపు తట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు భరించలేకపోయాను. అయినా ఎవరేమనుకుంటారోనని ఎనిమిది నెలలు వెళ్లకుండా ఆగిపోయాను.

అక్కడ ఎవరూ నాకు నీతులు చెప్పలేదు. ఒక నోట్‌బుక్ పెట్టుకోమన్నారు. కోపం వచ్చినప్పుడల్లా అది 0 నుంచి 10 లోపు ఎంతో, ఒంట్లో ఏమైందో, మనసులో ఏ మాట మెదిలిందో రాయాలి. మూడు వారాల్లో 19 సార్లు రాశాను. 14 చోట్ల ఒకటే మాట: 'నన్ను లెక్కచేయడం లేదు.' ఆ పేజీలు చదువుతుంటే చిన్నప్పుడు రోజూ విన్న 'నీకేదీ చేతకాదు' గుర్తొచ్చింది. 46 ఏళ్ల వయసులో ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చాను.

ఇక అక్కణ్ణుంచి ఆ మాట మీదే పని జరిగింది. తోచిన ఆలోచనను నిజమని ఒప్పేసుకోకుండా, దానికి ఆధారమేమిటని అడగాలి. అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన పద్ధతి ఇది. పిల్ల కూడిక సరిచేస్తే తండ్రి విలువ తగ్గుతుందా? తగ్గదని బుర్రకు వెంటనే అర్థమైంది, ఒంటికి అర్థం కావడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు కోపం 4 దాటితే 'కాసేపట్లో వస్తాను' అని చెప్పి బయటికి వెళ్తాను. చెప్పే వెళ్లాలి. లేకపోతే ఇంట్లోవాళ్లకు అదీ కోపంలాగే కనబడుతుంది.

మనిషి మీద చెయ్యి చేసుకునేదాకా వెళ్లిన ఇంట్లో మాత్రం ముందు మిగతావాళ్ల రక్షణే చూడాలి, కౌన్సెలింగ్ ఆ తర్వాత.

మీకు నాదొక విన్నపం. మొదటిరోజు కౌన్సెలర్ గదిలో ఏమడుగుతారో, మన మాటలు బయటికి పోకుండా ఎలా చూస్తారో ఒకసారి వివరంగా రాయించండి. అది ముందే తెలిసుంటే నేను ఎనిమిది నెలలు ఆగేవాణ్ణి కాదు. మా అమ్మాయి ఇంకా తలుపు తడుతూనే ఉంది.

పేరు వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక తండ్రి