కత్తి కనబడింది, కూతుళ్లు కనబడలేదు

సంపాదకుల వారికి,

మెక్సికోలో స్పెయిన్ కాలం నాటి భూస్వాముల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. దండెత్తి వచ్చిన సైనికులే తరతరాలుగా ఆ భూములు ఏలినట్టు రాశారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ దస్తావేజులే చదివినదాన్ని. నాకు అందులో పెళ్లిళ్లే ఎక్కువ కనబడతాయి.

మీరు పొగిడిన అగ్వాయో ఎస్టేటునే తీసుకోండి. ఉత్తరాన కొవావిలా ప్రాంతంలో దానికి పునాది వేసినవాడు ఫ్రాన్సిస్కో దె ఉర్దిన్యోలా. ఆ తరువాత ఆస్తి నడిచింది ఆడపిల్లల వెంట. ఆ వంశపు ఆడపడుచు ఫ్రాన్సిస్కాను చేసుకున్న అగుస్తిన్ దె ఎచెవెర్స్‌కు 1682లో మార్క్విస్ అనే ప్రభువంశపు బిరుదు వచ్చింది. వారి కూతురు ఇగ్నాసియాను పెళ్లాడి హోసే దె అస్లోర్ రెండో మార్క్విస్ అయ్యాడు. 1721లో టెక్సాస్ మీదికి సేనను నడిపింది ఈ అల్లుడే. మీ వ్యాసంలో ఆయన దండయాత్ర ఉంది, ఆవిడ పేరు లేదు.

అక్కడ అమలైన స్పెయిన్‌వారి కాస్తీల్ రాజ్యపు చట్టం ప్రకారం కూతుళ్లకూ వాటా ఉండేది, కట్నం భార్య సొత్తుగానే మిగిలేది. అలా పంచుకుంటూ పోతే ఎంత ఎస్టేటైనా చెక్కలు కావలసిందే. అందుకే కలిగినవారు అమ్మడానికీ పంచడానికీ వీల్లేకుండా ఆస్తిని ఒక్క వారసుడికే కట్టబెట్టే ‘మయొరాజ్గో’ రాయించుకునేవారు. ఆస్తి చెదరకుండా దగ్గరి బంధువుల్లోనే సంబంధం కలుపుకోవాలంటే చర్చి అనుమతి కావాలి. మన మేనరికాలకు ఆ తంటా లేదు లెండి.

నాకు ముచ్చటేసిన దస్తావేజు మరొకటి ఉంది: ‘కపెయ్యనియా’. ఒక పెద్దమనిషి తన ఆత్మశాంతికి ప్రార్థనలు జరగాలని కొంత సొమ్ము నిర్ణయించి, దాన్ని తన భూమి మీద భారంగా రాస్తాడు. ఏటా నూటికి అయిదు చొప్పున వచ్చే వడ్డీ ప్రార్థనలు చేసే మతగురువుకు చెందుతుంది. ఆ గురువు తన వంశంవాడే కావాలని కూడా అందులోనే షరతు పెట్టవచ్చు. పుణ్యం దక్కింది, వడ్డీ ఇల్లు దాటలేదు!

అదే కొవావిలాలో సాంచెస్ నవార్రో కుటుంబానికి సంపద కూడబెట్టినవాడు మోన్‌క్లోవా పట్టణపు చర్చి గురువు. ఆ కుటుంబమే 1840లో అగ్వాయో భూములు కొన్నది. దాంతో వారి భూములన్నీ కలిపి సుమారు 1.6 కోట్ల ఎకరాలు, అంటే నేటి తెలంగాణలో సగానికి పైనే. ఫ్రెంచివారు మెక్సికో గద్దె మీద కూర్చోబెట్టిన మాక్సిమిలియన్ చక్రవర్తి పక్షం వహించినందుకు 1866లో ఆయనతో పోరాడుతున్న అధ్యక్షుడు హువారెస్ ప్రభుత్వం వాటిని జప్తు చేసింది.

రెండో భాగం వస్తుందని ప్రకటించారు. అందులో వంశవృక్షం అచ్చువేస్తే, దయచేసి కూతుళ్ల పేర్లు కూడా వేయండి.

– విశ్రాంత సబ్‌ రిజిస్ట్రార్, తెనాలి