మన లెక్కల, సైన్సు టీచర్లు శనివారాలు ఎక్కడికి వెళ్తున్నారు?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

దసరా సెలవుల తర్వాత పెట్టుకున్న సమావేశంలో ఒక తల్లి నన్ను నేరుగా అడిగారు: "అమ్మా, లెక్కల మాస్టారు శనివారం మధ్యాహ్నాలు బడిలో ఉండటం లేదట. పిల్ల పదో తరగతిలో ఉంది, ఇలాగైతే ఎలాగండీ?" ఆమె అడగడం న్యాయం. బయటికి చెప్పకపోయినా మీలో చాలామందికి ఇదే సందేహం ఉండి ఉంటుంది. అందుకే ఈ నెల మిగతా సంగతులు పక్కనపెట్టి దీని గురించే రాస్తున్నాను.

ఈ ఏడాది జులై నుంచి మన బడి, చుట్టుపక్కల మరో మూడు హైస్కూళ్లు, శ్రీకాకుళంలోని ఒక డిగ్రీ కళాశాల కలిసి పనిచేస్తున్నాయి. నెలకు రెండు శనివారాలు, మధ్యాహ్న భోజనం అయ్యాక, లెక్కలు, సైన్సు చెప్పేవాళ్లంతా ఒకచోట కూర్చుంటారు. ఒక్కోసారి ఒక్కో బడిలో. కళాశాల నుంచి లెక్కలు, ఫిజిక్స్ లెక్చరర్లు వస్తారు. ఆ పూట మన పిల్లలకు ఆటలు, లైబ్రరీ పీరియడ్లు వచ్చేలా టైంటేబుల్ మార్చాం. లెక్కల పీరియడు ఒక్కటి కూడా పోలేదు. మీ దగ్గర ఒక్క రూపాయి తీసుకోవడం లేదు.

టీచర్లకు శిక్షణలు కొత్తేమీ కాదు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకో డైట్ (టీచర్ల శిక్షణ సంస్థ) వచ్చింది, మనకు వమరవల్లిలో ఉంది. ఫోన్లో ప్రభుత్వ దీక్షా యాప్ కోర్సులు ఉన్నాయి. ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరంగా నేర్చుకోవాలని 2020 విద్యావిధానం చెబుతోంది. ఇవన్నీ కావలసినవే. అయితే ఒక్కరోజు హాల్లో కూర్చుని విన్నది సోమవారం తరగతి గదిలో అడుగుపెట్టేసరికి సగం ఎగిరిపోతుంది. పాఠం చెప్పి, పిల్లలకు ఎక్కడ అందలేదో చూసి, పదిహేను రోజులకు మళ్లీ ఆ మనుషులతోనే కూర్చుని మాట్లాడుకుంటే అది నిలుస్తుంది. మేం ఈ పద్ధతి ఎంచుకున్నది అందుకే. జపాన్‌లో టీచర్లు ఎంతోకాలంగా ఇలాగే చేస్తున్నారు. నలుగురు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్లు వెనక నిలబడి పిల్లలను గమనిస్తారు. చెప్పేవారి తప్పులు వెతకరు, పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో చూస్తారు.

ఆగస్టులో ఒక శనివారం నేనూ వెళ్లి కూర్చున్నాను. నాలుగు బడుల ఏడో తరగతి నోట్సులు బల్ల మీద పరిచారు. అన్నిటిలోనూ ఒకటే తప్పు కనిపించింది: 1/2 + 1/3 = 2/5. పైవి పైవి కలిపారు, కిందవి కిందవి కలిపారు. మామూలుగా అయితే ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కన సరైన లెక్క రాసి, "క.సా.గు. (కిందివి రెండూ శేషం లేకుండా భాగించే అతిచిన్న సంఖ్య) తీయాలి" అని చెప్పి ముందుకెళ్లిపోతాం. ఆ రోజు అలా వెళ్లలేదు. పిల్లవాడు ఎందుకలా చేశాడన్న దాని మీదే గంటసేపు మాట్లాడుకున్నారు. వాడికి 1/2 ఒక సంఖ్యలా కనిపించడం లేదు, ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు సంఖ్యల్లా కనిపిస్తోంది. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వస్తుంది, 2/5 సగం కంటే చిన్నది కదా అన్న ప్రశ్నే వాడికి తట్టలేదు. మన లెక్కల మాస్టారు తర్వాతి వారం పిల్లలందరికీ కాగితం పట్టీలు ఇచ్చి ఆరు సమభాగాలుగా మడత పెట్టించారు. సగం అంటే మూడు మడతలు, మూడోవంతు అంటే రెండు, కలిపితే ఆరింట అయిదు. క.సా.గు. ఎందుకో అప్పుడు చెప్పారు. ఆ వరస చాలా ముఖ్యం.

లెక్చరర్లకు సబ్జెక్టు లోతు తెలుసు. పన్నెండేళ్ల పిల్లకు ఎక్కడ చిక్కుపడుతుందో మన టీచర్లకు తెలుసు. ఇద్దరూ కలిస్తే ఏమవుతుందో అక్టోబరులో అరసవల్లి సూర్యదేవుడి గుడి పాఠంలో చూశాం. స్వామి పాదాలను సూర్యకిరణాలు మార్చిలో కొన్ని రోజులు, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు తాకుతాయని మన పిల్లలకు పుట్టినప్పటి నుంచి తెలుసు. "మరి డిసెంబరులో ఎందుకు తాకవు టీచర్?" అని ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది. మన సైన్సు టీచరు ఆ ప్రశ్నను శనివారానికి పట్టుకెళ్లారు. అక్కడే పాఠం తయారైంది. సూర్యుడు రోజూ ఒకేచోట ఉదయించడు. మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో సరిగ్గా తూర్పున, డిసెంబరులో బాగా దక్షిణానికి, జూన్‌లో బాగా ఉత్తరానికి జరిగి ఉదయిస్తాడు. అటు వెళ్తూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి ఒకేచోటును దాటుతాడు. కిరణాలు పాదాలను తాకే మార్చి రోజులు మార్చి 21కి సుమారు పది రోజుల ముందు, అక్టోబరు రోజులు సెప్టెంబరు 23కి సుమారు పది రోజుల తర్వాత వస్తాయి, అందుకే రెండుసార్లూ సూర్యుడు ఒకేచోట ఉదయిస్తాడు. ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలు ప్రతి సోమవారం అసెంబ్లీ మైదానంలో కర్ర పాతి ఒకే సమయానికి నీడ గుర్తుపెడుతున్నారు. మన ఊళ్లో నడినెత్తిన సూర్యుడొచ్చి నిట్టనిలువు కర్రకు నీడే పడని రోజులు ఏడాదికి రెండున్నాయి, మే నెల మధ్యలో ఒకటి, జులై చివర ఒకటి. మేలో సెలవులు. జులైలో మబ్బు పట్టకుంటే మీరూ రండి, చూద్దురు గాని.

ఫలితాలు మార్కుల్లో ఈ ఏడాదే కనిపిస్తాయని నేను చెప్పను. ఒక మార్పు మాత్రం ఇంట్లో కూడా కనిపిస్తుంది: నోట్సులో లెక్కల సంఖ్య తగ్గుతుంది, ఒక్కో లెక్కకు రాసేది పెరుగుతుంది. "పక్క బడిలో రోజుకు ఇరవై లెక్కలు చేయిస్తున్నారు" అని దయచేసి పోల్చవద్దు. పిల్లలు లెక్క చేసి చూపిస్తే జవాబు సరైనదా అని కాకుండా, "ఇలా ఎందుకు చేశావు?" అని అడగండి. మీకు ఆ లెక్క రాకపోయినా ఫర్వాలేదు. వాళ్లే చెబుతారు, చెప్పేటప్పుడే వాళ్లకు తెలుస్తుంది.

ఇంకొక సహాయం కావాలి. డిసెంబరులో పదో తరగతికి పైథాగరస్ సిద్ధాంతం పాఠం ఉమ్మడిగా చేయబోతున్నారు, మిగతా బడుల టీచర్లు మన తరగతికి వచ్చి చూస్తారు. మీలో తాపీమేస్త్రీలు ఉన్నారు. పునాది మూల సరిగ్గా లంబకోణంలో ఉందో లేదో చూడటానికి తాడుతో ఒకవైపు 3 అడుగులు, ఇంకోవైపు 4 అడుగులు కొలిచి, అడ్డంగా 5 అడుగులు రావాలని చూస్తారు కదా. అది మైదానంలో పిల్లలకు చేసి చూపించడానికి ఒకరిద్దరు గంటసేపు రాగలిగితే ఆఫీసు గదిలో పేరు చెప్పండి. పని పోకుండా, మీకు వీలైన పూటే పాఠం పెట్టుకుంటాం. తాడు, టేపు బడిలోనే ఉన్నాయి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు